చెన్నైకి అక్క.. మన దుగరాజపట్నం

వారమంతా చెన్నైలో కోడింగ్, శుక్రవారం రాత్రి తిరుపతి బస్సు. ఇదీ నా రొటీన్. ఈమధ్య ఒక ఆదివారం ఫ్రెండ్స్‌తో బైకు మీద బీచ్‌కి బయల్దేరా. తిరుపతికి బీచ్ ఏందిరా అంటారా? 2022లో కొత్త జిల్లాలు వచ్చాక మనకీ సముద్రం వచ్చింది బాస్! నాయుడుపేట, వాకాడు మీదుగా దుగరాజపట్నం చేరాం.

చూడ్డానికి మామూలు పల్లె. ఇసుక, పడవలు, వలలు. కానీ 1626లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడే స్థావరం పెట్టుకుని బట్టల వ్యాపారం చేసింది. ఈ ఊరిని వాళ్లు ఆర్మగాన్ అనేవాళ్లు. తమకు సాయం చేసిన ఆరుముగం మొదలియార్ పేరే అలా మారిందని చెబుతారు. ఇక్కడ మంచి బట్ట సరిగా దొరకట్లేదని కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ వెళ్లాడు. 1639లో ఆయనకు దొరికిన చోటే మద్రాసు. అంటే నాకు జీతమిచ్చే ఊరికి ఈ ఊరు అక్క అన్నమాట!

మేం ఫొటోలు తీస్తుంటే వల బాగుచేసుకుంటున్న ఓ తాత అడిగాడు, "ఏం నాయనా, పోర్టు కోసం వచ్చినారా?"

"లేదు తాతా, ఊరికే చూసిపోదామని."

"అందురూ చూసే పోతారులే" అని నవ్వేశాడు.

ఆ మాట గుచ్చుకుంది. 2014 విభజన చట్టంలోనే ఇక్కడ పోర్టు రాశారు. మొదటి దశ 2018కల్లా పూర్తవ్వాలి. కాలేదు. పక్కన శ్రీహరికోట, పులికాట్ సరస్సు ఉన్నాయని అభ్యంతరాలొచ్చాయి. ఇప్పుడు ఓడల తయారీ కేంద్రం అంటున్నారు. వస్తే మా వయసువాళ్లకు ఉద్యోగాలు రావొచ్చు. మరి తాత పడవ ఎక్కడ కట్టుకోవాలి? చలికాలంలో పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు, నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు ఎక్కడికి పోవాలి? నా దగ్గర జవాబు లేదు. కానీ మ్యాపులో ఖాళీ జాగాలా కనిపించే చోట నాలుగు వందల ఏళ్ల కథ, ఒక బతుకు ఉన్నాయని మాత్రం తెలిసొచ్చింది.

మీరూ వెళ్లండి. రీల్ తీసుకోండి, తప్పులేదు. ప్లాస్టిక్ సీసాలు మాత్రం వెనక్కి తెచ్చేయండి. అక్కడి వాళ్ల దగ్గరే చేపలు కొనండి. ఓ పది నిమిషాలు కూర్చుని ఆ ఊరి మాట వినండి. చూసిపోయేవాళ్లు ఎలాగూ ఉన్నారు, వినేవాళ్లే తక్కువ.