ముందు నీటి పరీక్ష - పిదప వడపోత

రైతు సోదరులారా! భూసార పరీక్ష చేయించక ఎరువు వేయరాదని వ్యవసాయశాఖవారు చిరకాలముగా చెప్పుచున్నారు. మీలో అనేకులు చేయించుచున్నారు కూడా. కాని పొలమునకు చూపెడి ఈ జాగ్రత్తను మనము త్రాగు నీటికి చూపుటలేదు. అంగడిలో కనబడిన వడపోత యంత్రమును తెచ్చి గోడకు తగిలించి, ఇక భయములేదని తలచుచున్నాము. ఇది మట్టి గుణము తెలియక యూరియా బస్తా కొనుట వంటిదని నా అభిప్రాయము.

అనంతపురము మెట్ట ప్రాంతమునకు ఈ విషయము మరింత ముఖ్యము. ఇచ్చట సాలీనా కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. వాన చాలక బోర్లు వేసితిమి. నీరు అడుగంటిన కొలది ఇంకను లోతునకు పోతిమి. మన నేల అడుగున ఉన్నవి గ్రానైటు, నైసు రాళ్ళు. వాటిలోని కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు కలదు. క్షారగుణము హెచ్చుగా, కాల్షియము తక్కువగా ఉన్న నీరు రాతి పగుళ్ళలో చాలకాలము నిలిచినచో ఆ ఫ్లోరైడును కరగించుకొనును.

ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఉప్పునీటిలో అది తక్కువగా ఉండవచ్చును. తియ్యగా ఉన్న నీటిలో ఎక్కువగా ఉండవచ్చును. భారత ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును. వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చును. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు వచ్చును; పెద్దలకు కీళ్ళు బిగిసి నడుము వంగిపోవును. వంగిన ఎముకను తిరిగి సరిచేయు మందు లేదు.

మన దేశమున ఈ వ్యాధిని గూర్చి 1937లో వైద్యులు ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లానుండియే. పొదిలి, దర్శి ప్రాంతముల రైతులు తమ దుక్కిటెద్దులు కీళ్ళు పట్టి నడువలేకపోవుటను ముందుగా కనిపెట్టిరి. పశువును చూచి నీటిని అనుమానించిన ఆ రైతుల దృష్టి మనకును అవసరము.

ఇక వడపోతల సంగతి చూడుడు. ఇండుపగింజ అరగదీసిన గంధముగాని పటికగాని బిందెలో కలిపిన బురద అడుగునకు దిగును. క్యాండిలు ఫిల్టరు మడ్డిని, కొంతవరకు క్రిములను ఆపును. కాచిన క్రిములు చచ్చును. అల్ట్రావయొలెట్ దీపమున్న యంత్రము తేరిన నీటిలోని క్రిములను చంపును. ఇవన్నియు మంచివే. అయినను ఇంటిలో వాడు తీరున వీటిలో ఏదియు ఫ్లోరైడును తీయజాలదు. కాచినచో నీరు ఆవిరియై తగ్గును గనుక మిగిలిన దానిలో ఫ్లోరైడు పాలు కొంచెము పెరుగును. కావున నదీజలము కుళాయిలో వచ్చు ఇంటికి సాధారణముగా చాలునట్టి సాధనము, లోతు బోరు నీరు త్రాగు ఇంటికి చాలదు. 1990 దశకములో శ్రీ సత్యసాయి సంస్థవారు ఈ జిల్లాలో 700కు పైగా గ్రామములకు మంచినీటి పథకము నిర్మించిరి. పక్కపక్క ఊళ్ళలోనే ఒకచోట పథకపు నీరు, మరొకచోట బోరు నీరు ఉండవచ్చును. పొరుగూరి యంత్రము మన ఊరికి పనికివచ్చుననుటకు ఆధారమేమి?

ఇచ్చట ఒక మోసమును గూర్చి హెచ్చరింపవలెను. కొందరు అమ్మకపువారు రెండు గ్లాసులు తెచ్చి, ఒకదానిలో మన నీరు, మరొకదానిలో యంత్రపు నీరు పోసి, కరెంటు కడ్డీలు ముంచుదురు. మన నీరు క్షణములో గోధుమరంగు మడ్డిగా మారును. మా ఇంటి అరుగుపైనను ఇది జరిగినది. చూచి నేనును బెదరితిని. ఆ మడ్డి నీటిలోనిది కాదు, ఇనుప కడ్డీ కరగగా పుట్టినది. లవణములు లేని నీటిలో కరెంటు సరిగా పారదు గనుక రెండవ గ్లాసు తేటగా నిలుచును. అట్లే టి.డి.ఎస్. మీటరు లవణముల మొత్తమును సుమారుగా చూపునే కాని, వాటిలో ఫ్లోరైడు ఎంతయో చెప్పజాలదు.

ఆర్.ఓ. యంత్రము ఫ్లోరైడును చాలవరకు తీయును, నిజమే. కాని ఇండ్లలో వాడు యంత్రములు ఒక లీటరు మంచినీటికి సుమారు మూడు లీటర్లు బయటకు వదలును. ఆరుగురున్న ఇంటిలో త్రాగుటకు, వంటకు రోజుకు 30 లీటర్లు కావలెననుకొందము. 90 లీటర్లు, అనగా ఆరు బిందెలు, వృథా. కరవు సీమలో ఇది చిన్న ఖర్చు కాదు. ఆ నీటితో అంట్లు తోముడు, నేల కడుగుడు. పశువులకు మాత్రము పోయకుడు. ఫ్లోరైడు అందులో మరింత చిక్కబడి ఉండును. పొదిలి ఎద్దులను మరువకుడు. గ్రామ యంత్రపు వదలు నీటిని పాత బావిలోనికి విడుచుట భూగర్భజలమునకు చేయు ద్రోహము.

వేరు మార్గములును కలవు. 1970 దశకములో నాగపూరులోని నీరి సంస్థవారు రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, తేర్చి, వడకట్టుదురు. మోతాదు నీటి పరీక్షనుబట్టి నిర్ణయింపవలెను, ఉజ్జాయింపు పనికిరాదు. ఉత్తేజిత అల్యూమినా నింపిన ఫిల్టరును మరియొకటి. దానిలోని గుళికల శక్తి తరిగినపుడు శుద్ధిచేయుటయో మార్చుటయో తప్పదు.

నాకు అన్నింటికంటె నచ్చినది వాననీరు. అందులో ఫ్లోరైడు లేదనదగును. 30 చదరపు మీటర్ల సిమెంటు కప్పుపై 550 మిల్లీమీటర్ల వానలో నూటికి 80 వంతులు పట్టినను 13,200 లీటర్లగును. పై కుటుంబమునకు ఏడాదికి కావలసినది 10,950 లీటర్లు. వాన సగమే కురిసినను ఏడు నెలలు గడచును. మట్టి మిద్దె ఇందుకు పనికిరాదు. తొలివాన నీరు విడిచివేయవలెను, తొట్టి మూసియుండవలెను, కాచి త్రాగవలెను. డిసెంబరు నుండి మే వరకు నిలువకు సుమారు 5,500 లీటర్ల తొట్టి కావలెను. తొట్టికి ఖర్చగును, ఒప్పుకొందును. కాని అది నీటిని పారబోయదు.

గ్రామాధికారులకు ఒక మనవి. గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలలో ప్రతి బోరు నీటిని వేసవిలో ఒకసారి, వానల పిదప ఒకసారి పరీక్ష చేయింపుడు. ఫలితమును దస్త్రములో దాచక, పంచాయతీ గోడపై బోరువారీగా వ్రాయింపుడు. ఫ్లోరైడు హెచ్చిన బోరును స్నానమునకు, ఉతుకుటకు కేటాయించి, తగ్గిన బోరును త్రాగుటకు ఉంచిన, ఒక్క యంత్రమైనను కొనక కొన్ని ఊళ్ళు బయటపడగలవు.

ఇల్లాండ్రు రాగి సంగటి, మునగాకు, ఉసిరిక మానకుండ చూడవలెను. కాల్షియము, సి విటమిను దేహమునకు కొంత రక్షణ ఇచ్చును.

సోదరులారా! రేపే ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో మీ నీరు పట్టి పరీక్షకు పంపుడు. జవాబు వచ్చు వరకు ఏ యంత్రమునకును బయానా ఇయ్యకుడు. మీ బిడ్డ పలువరుస ఒకసారి చెడిన తిరిగి రాదు.