దొరల దోస్తీ, దొరల కొట్లాట – రెండింటిలోనూ దెబ్బ మగ్గం వాడికే

మన పగారు, బోనసు సంగతి రాయక టర్కీ, సిరియాల గొడవ మనకెందుకని కొందరు సభ్యులు అడగవచ్చు. అడగవలసిందే. మా జవాబు ఒక్కటే: అదీ మగ్గం గొడవే. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగాయని మన పెద్దలు అన్నారు. ఆబోతులు దోస్తీ చేసుకున్నప్పుడు కూడా లేగల కాళ్ళే విరుగుతాయని ఆ రెండు దేశాల చరిత్ర చెబుతున్నది.

సిరియాలో అలెప్పో అనే పట్నం ఉంది. అరబ్బులు హలబ్ అంటారు. మనకు షోలాపూర్ ఎట్లాగో వాళ్ళకు అలెప్పో అట్లాగ: నూలు, నేత, అద్దకం, కుట్టుపని. అక్కడికి ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో టర్కీవారి గాజియాన్‌టెప్ ఉంది. అదీ నూలు మిల్లుల ఊరే, తివాచీల ఊరే. ఉస్మానియా సుల్తానుల కాలంలో ఈ రెండు ఊళ్ళూ ఒకే రాష్ట్రంలో ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మధ్యలో సరిహద్దు గీత పడింది. ఇప్పుడు దాని పొడవు 900 కిలోమీటర్ల పైమాటే. సిరియా ఫ్రెంచివారి చేతికి పోయింది. 1939లో అలెగ్జాండ్రెట్టా ప్రాంతం టర్కీలో కలిసింది. టర్కీవారు దాన్ని హతాయ్ అంటారు. పగకు అది మొదటి బీజం.

రెండో బీజం నీళ్ళు. ఎగువ వాడికీ దిగువ వాడికీ మధ్య నది తగాదా అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. యూఫ్రటీస్ నదిలో సెకనుకు 500 ఘనపు మీటర్ల నీళ్ళు వదులుతామని 1987లో టర్కీ ఒప్పుకున్నది. 1990 జనవరిలో అటాటర్క్ డ్యామ్ నింపుకోవడానికి నెల రోజులు నది ప్రవాహాన్ని ఆపింది. సిరియా చేతిలోనూ ఒక ఆయుధం ఉండేది. టర్కీ మీద పోరాడే కుర్దుల నాయకుడు అబ్దుల్లా ఓజలాన్‌కు ఆశ్రయమిచ్చింది. 1998 అక్టోబరులో టర్కీ సైన్యం సరిహద్దుకు చేరేసరికి సిరియా ఆయనను సాగనంపింది. అదే నెల 20న అదానాలో ఒప్పందం కుదిరింది.

అప్పటి నుంచి దోస్తీ మొదలైంది. 2004 డిసెంబరులో స్వేచ్ఛా వ్యాపార ఒప్పందం చేసుకున్నారు. అది 2007లో అమలుకు వచ్చింది. 2008లో టర్కీ ప్రధాని ఎర్డొగాన్, సిరియా అధ్యక్షుడు బషర్ అస్సాద్ కుటుంబాలతో కలిసి బోద్రుం సముద్ర తీరాన సెలవులు గడిపారు. 2009లో వీసాలు ఎత్తేశారు. సరిహద్దుకు చెరో వైపున ఉండిపోయిన అన్నదమ్ములు పండుగకు కలుసుకోగలిగారు. ఆ మేలును మేము కాదనం.

అయితే గేటు తెరుచుకుంటే ముందు దూరింది ఎవరు? టర్కీ పెద్ద కంపెనీల సరుకు. వాళ్ళకు కొత్త మెషిన్లున్నాయి, బ్యాంకుల అండ ఉంది. అలెప్పో చిన్న కార్ఖానాల దగ్గర పాత మగ్గాలున్నాయి. పోటీకి నిలవలేక బట్టల కార్ఖానాలు, వడ్రంగి కార్ఖానాలు ఎన్నో మూతపడ్డాయి. స్నేహం అని పేరు పెట్టిన దానిలో అలెప్పో కార్మికుడికి దక్కింది బేకారీ.

2011 మార్చిలో సిరియా జనం వీధికెక్కారు. అస్సాద్ ప్రభుత్వం తుపాకులతో జవాబు చెప్పింది. తనతో సెలవులు గడిపిన దోస్తును దిగిపొమ్మని ఎర్డొగాన్ అన్నాడు. నవంబరులో టర్కీ ఆంక్షలు పెట్టింది. డిసెంబరులో సిరియా ఆ వ్యాపార ఒప్పందాన్ని నిలిపేసింది. 2012లో యుద్ధం అలెప్పోలోకి వచ్చింది. షేక్ నజ్జార్ పారిశ్రామిక వాడలో కార్ఖానాలు తగలబడ్డాయి, దోపిడీకి గురయ్యాయి. మెషిన్లు ఊడదీసి టర్కీకి తరలించారని సిరియా ప్రభుత్వం ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసింది. టర్కీ కాదన్నది. మెషిన్ల లెక్క వాళ్ళు తేల్చుకోవాలి. మెషిను నడిపిన మనుషులు మాత్రం గీత దాటి పోయారు. ఒక దశలో 36 లక్షలకు పైగా సిరియా వాళ్ళు టర్కీలో తలదాచుకున్నారు.

వాళ్ళు చేరింది ఎక్కడ? గాజియాన్‌టెప్ మిల్లుల్లో, ఇస్తాంబుల్ నేలమాళిగల్లోని కుట్టు షాపుల్లో. చదువుకునే పిల్లలు కత్తెర పట్టారు. సిరియా పిల్లలు ఇంగ్లండు దుకాణాలకు బట్టలు కుడుతున్నారని 2016లో బి.బి.సి. బయటపెట్టింది. ఆ ఏడాది జనవరిలో టర్కీ ప్రభుత్వం పని పర్మిట్లు ఇస్తామన్నది. అయితే సాధారణంగా దరఖాస్తు పెట్టవలసింది కార్మికుడు కాదు, యజమాని. పర్మిటు ఉంటే కనీస వేతనం ఇవ్వాలి, బీమా కట్టాలి. ఏ సేటు తన ఖర్చు తానే పెంచుకుంటాడు? ఎక్కువ మంది కాగితం లేకుండానే పని చేశారు. కాగితం లేనివాడు పగారు ఎగ్గొట్టినా ఎవరికి చెప్పుకుంటాడు?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సిరియా వాళ్ళు వచ్చి మా కూలి పడగొట్టారని టర్కీ కార్మికుడు అంటే అందులో అబద్ధం లేదు. చిన్న షాపుల్లో చాలామంది స్థానికుల పని పోయింది. అయితే అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. సిరియా వాడు తక్కువకు ఎందుకు వచ్చాడు? తక్కువ కూలి మీద ప్రేమతో కాదు. హక్కు లేక వచ్చాడు. హక్కు లేకుండా ఉంచింది ఎవరు? ఆ ప్రశ్న అడగనివ్వకుండా రాజకీయ పార్టీలు పోటీపడి, వాళ్ళను వెనక్కి పంపుతామని 2023 ఎన్నికల్లో ఓట్లడిగాయి. ఫలితం ఏమైంది? 2024 జూన్ ఆఖరున కైసెరి పట్నంలో మూకలు సిరియా వాళ్ళ దుకాణాలు, వాహనాలు తగలబెట్టాయి. మర్నాడు ఉత్తర సిరియాలో టర్కీ లారీల మీద దాడులు జరిగాయి. సేట్ల ఒంటి మీద ఒక్క గీత పడలేదు.

ఈ కథ మనకు తెలిసినదే. 1960లలో బొంబాయిలో దక్షిణాది వాళ్ళు ఉద్యోగాలు లాక్కుంటున్నారని మన మీద దాడి జరిగినప్పుడు మన తండ్రులు ఇదే చూశారు. 1982 జనవరి 18న బొంబాయిలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. మిల్లు గేటు ముందు మనవాళ్ళున్నారు. యజమానులు బట్టను భీవండి సాంచాల మీద నేయించుకున్నారు. ఆ సాంచాల మీదా మనవాళ్ళే ఉన్నారు. మిల్లులో ఉన్న హక్కు సాంచా షెడ్డులో లేదు. ఆ తేడాతోనే మనల్ని ఓడించారు.

ఇప్పుడు మళ్ళీ దోస్తీ రోజులు వచ్చాయి. 2024 డిసెంబరు 8న అస్సాద్ దేశం విడిచి పారిపోయాడు. 2025 ఫిబ్రవరిలో సిరియా కొత్త అధ్యక్షుడు అహ్మద్ అల్ షరా అంకారా వెళ్ళి ఎర్డొగాన్‌ను కలిశాడు. టర్కీ సరుకు మళ్ళీ సిరియా బజార్లలోకి పోతున్నది. లక్షల మంది సిరియన్లు ఇంటిదారి పట్టారు. కాలిన అలెప్పో కార్ఖానా మళ్ళీ లేస్తుందా, లేక పాత రోజుల్లాగా చవక సరుకు కింద నలుగుతుందా? ఆ ప్రశ్న మీద రాజధానుల్లో బేరం జరుగుతున్నది. బేరం బల్ల దగ్గర కార్మికుడికి కుర్చీ లేదు.

ఈజిప్టు సంగతీ చూడండి. 2013లో అక్కడ సైన్యం మోర్సీని దింపేశాక టర్కీ, ఈజిప్టు రాయబారులను వెళ్ళగొట్టుకున్నాయి. పదేళ్ళు ముఖాలు చూసుకోలేదు. కాని వ్యాపార ఒప్పందం మాత్రం ఒక్కరోజు రద్దు కాలేదు! 2024 ఫిబ్రవరిలో ఎర్డొగాన్ కైరో వెళ్ళాడు. టర్కీ బట్టల కంపెనీలు కొన్ని చవక కూలి కోసం ఈజిప్టుకు తరలిపోతున్నాయి. నిన్న సిరియా వాడు పని లాక్కున్నాడన్న టర్కీ కార్మికుడు ఈరోజు ఎవరిని తిట్టాలి?

దారి చూపినవాళ్ళూ ఉన్నారు. 2017లో టర్కీలో చెప్పుల పైభాగం కుట్టే కార్మికులు రేట్లు పెంచాలని పని ఆపితే సిరియా వాళ్ళూ వాళ్ళ పక్కన నిలబడ్డారు. 2025 ఫిబ్రవరిలో గాజియాన్‌టెప్ బాష్‌పినార్ వాడలో వేలాది జౌళి కార్మికులు పగారు కోసం పని ఆపారు. గవర్నరు సభలు, ఊరేగింపులు నిషేధించాడు. బిర్టెక్ సెన్ యూనియన్ అధ్యక్షుడు మెహ్మెట్ తుర్క్‌మెన్‌ను జైల్లో పెట్టారు. ప్రభుత్వం ఎవరికి భయపడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన షెడ్లలో కూడా యూపీ, బీహార్, ఒడిశా నుంచి కొత్తవాళ్ళు వస్తున్నారు. వీళ్ళొచ్చి మన రేటు చెడగొడుతున్నారనే మాట మన సభ్యుల నోటనే వింటున్నాము. ఆ మాట అనే ముందు ఒక పని చేద్దాము. పక్క సాంచా మీద ఉన్నవాడికి మీటరుకు ఎంత ఇస్తున్నారో అడుగుదాము. మనకంటే తక్కువైతే వాడిని తరిమే మాట వద్దు. వాడి రేటు మన రేటుకు ఎక్కించే డిమాండు పెడదాము. వాడి పేరు యూనియన్ రిజిస్టరులో రాద్దాము. వాడు చవక ఉన్నంతకాలం మనమూ చవకే.