అచ్చుకాని వార్త

పత్రికలో వచ్చే వార్త అందరి కంటా పడుతుంది. ఏ పత్రికలోనూ రాని వార్తలు కూడా రోజూ తయారవుతుంటాయని జర్నలిజం చదివేవాళ్లకీ, వాళ్లకు పాఠం చెప్పేవాళ్లకీ తప్ప తెలియదు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లో మొదలైంది. ఆ తరవాత ఎన్నో విశ్వవిద్యాలయాలు ఆ కోర్సు పెట్టాయి, పత్రికలే సొంత స్కూళ్లు పెట్టుకున్నాయి. అచ్చు యంత్రాలు మారాయి, ఫాంట్లు మారాయి, పాఠం తీరు మాత్రం పెద్దగా మారలేదు. మాస్టారు ఓ పోలీసు ప్రెస్‌నోట్ చేతికిస్తారు. అరగంట గడువు. నూటయాభై మాటల్లో వార్త కావాలి. రాసిచ్చిన కాపీని ఎర్రసిరాతో దిద్ది తిరిగి ఇచ్చేస్తారు. అది ఫైల్లోకో, చిత్తుబుట్టలోకో పోతుంది. పాఠకుడంటూ ఎవరూ లేని ఈ రాతకు ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ విలువ ఉందనిపిస్తోంది.

ఏం జరిగినా ముందుగా మన దాకా వచ్చేది ఇవాళ వార్త కాదు, స్పందన. ఎక్కడో వంతెన కూలిందంటే, దాని కింద ఎవరున్నారో తెలియకముందే ఎవరి పాపమో తేలిపోతుంది. స్టేటస్‌లు మారతాయి, కొవ్వొత్తుల బొమ్మలు తిరుగుతాయి, ఒక పార్టీవాళ్లు ఇంకో పార్టీవాళ్లను తిట్టడం మొదలవుతుంది. జర్నలిజం విద్యార్థి చేతిలోనూ అదే ఫోను ఉంది. ఉడుకు రక్తం ఉంది, అభిప్రాయాలూ ఉన్నాయి. స్నేహితులంతా గొంతు చించుకుంటుంటే తను మాత్రం ఆగి, సీఐకి ఫోన్ చేసి, ఆయన ఎత్తకపోతే ఆస్పత్రికి చేసి, అక్కడా దొరక్కపోతే ఊళ్లో తెలిసినవాళ్లను పట్టుకుని, ఆ తరవాతే కీబోర్డు మీద చెయ్యి వెయ్యాలి. ఇరవయ్యేళ్ల వయసులో అది చిన్న పరీక్షేమీ కాదు.

అలాంటి తరగతిలో ఓ కాపీని దగ్గరగా చూద్దాం. ప్రెస్‌నోట్‌లో ఉన్నది ఇంతే: తెల్లవారుజామున జాతీయ రహదారి పక్కన ఆగి ఉన్న లారీని వెనకనుంచి బైకు ఢీకొంది, దాని మీద వెళ్తున్న ఇద్దరు కూలీలు అక్కడికక్కడే చనిపోయారు, కేసు నమోదైంది. విద్యార్థిని ఇంట్రో ఇలా ఎత్తుకుంది: ‘రెక్కాడితేగాని డొక్కాడని ఆ కుటుంబాలను విధి చిన్నచూపు చూసింది. పొట్టకూటి కోసం బయలుదేరిన ఇద్దరు కూలీలను లారీ రూపంలో మృత్యువు కబళించింది.’ ఆ తరవాత కుటుంబసభ్యుల రోదనలు మిన్నంటాయి, గ్రామంలో విషాదఛాయలు అలముకున్నాయి, చూపరులు కంటతడి పెట్టారు. తెలుగులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పు పట్టలేనంతగా అలవాటైపోయిన తెలుగు అది. ఊరి పేరు మారిస్తే రేపటి ప్రమాదానికీ పనికొస్తుంది.

మాస్టారు ‘విధి’ చుట్టూ ఎర్రసిరాతో గీత చుట్టి, పక్కన మార్జిన్లో ప్రశ్నలు రాశారు. లారీ ఎందుకు ఆగింది? ఎంతసేపటినుంచి ఆగి ఉంది? వెనక లైట్లు వెలుగుతున్నాయా? రిఫ్లెక్టర్ స్టిక్కరు ఉందా? రోడ్డు మీద ఆగిన బండి గురించి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఎవరైనా ఫోన్ చేశారా? టోల్‌గేటు పెట్రోలింగ్ వాహనం ఆ దారిన చివరిసారి ఎప్పుడు వెళ్లింది? ప్రమాదకరంగా వాహనాన్ని రోడ్డు మీద వదిలేయడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కింద నేరం. పోలీసులు ఆ సెక్షన్ పెట్టారా? కూలీలు ఏ పనికి వెళ్తున్నారు, ఆ వేళకు బస్సు ఉందా? ఒక్క ప్రశ్నకూ ప్రెస్‌నోట్‌లో జవాబు లేదు. విధిని ముద్దాయిని చేస్తే లారీ యజమాని హాయిగా తప్పించుకుంటాడు. పెట్రోలింగ్ కాంట్రాక్టరూ తప్పించుకుంటాడు. విధి ఖండన ప్రకటన పంపదు, లాయర్ నోటీసు ఇవ్వదు, కాబట్టి దాన్ని నిందించడంలో విలేకరికీ ఇబ్బంది లేదు.

ఆ పడికట్టు మాటల్ని ఎగతాళి చేయడం సులువే. అవి పుట్టింది మాత్రం జాలిలోంచి. మండలానికొక విలేకరి, రోజంతా తిరుగుడు, రాత్రి ఎడిషన్ గడువుకు పది నిమిషాల ముందు ఫోన్లోనే టైపు చేసి డెస్కుకు పంపడం, నెల తిరిగితే చేతికొచ్చేది అంతంతమాత్రం, పైగా ప్రకటనల టార్గెట్ ఒకటి. అలాంటి మనిషి ‘విషాదఛాయలు’ అని రాస్తే అర్థం చేసుకోవచ్చు. అరగంట తీరిక ఉండి, తప్పు రాసినా లోకానికి నష్టం లేని విద్యార్థి కూడా అలాగే రాస్తే మాత్రం బెంగగా ఉంటుంది. తప్పులు చేసి దిద్దుకోవడానికి వృత్తిలో దొరికే చోటు ఈ తరగతి ఒక్కటే.

పడికట్టు మాట వాక్యాన్ని మాత్రమే పాడుచేస్తుందనుకుంటే పొరపాటు. అడగాల్సిన ప్రశ్నను కూడా మింగేస్తుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక విద్యార్థుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ‘పరీక్ష తప్పానన్న మనస్తాపంతో’ అన్న మాట ఏటా ఫలితాల రోజున సిద్ధంగా ఉంటుంది. అది రాస్తే కారణం చెప్పేసినట్టే, వార్త ముగిసినట్టే. ఆ ఏడు అసలు సంగతి మార్కుల మెమోల్లో ఉంది. తెలుగులో 99 రావాల్సిన ఓ విద్యార్థినికి మెమోలో సున్నా పడింది. ఫలితాల నిర్వహణలో లోపాల మీద ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, తప్పిన వాళ్లందరి జవాబుపత్రాలనూ ఉచితంగా తిరిగి పరిశీలించమంది. అలా చూశాక వెయ్యి మందికి పైగా పాసయ్యారు. మెమో చూపించమని అడిగిన వాళ్లకే ఆ వార్త దొరికింది. ఆత్మహత్య వార్తలు ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ అదే సంవత్సరం మార్గదర్శకాలు ఇచ్చింది: ప్రముఖంగా వేయొద్దు, పద్ధతి వర్ణించొద్దు, సంచలనం చేసే శీర్షికలు పెట్టొద్దు, ఫొటోలు వాడొద్దు. తరగతిలో దీన్ని చట్టాల పేపరులో ఒక మార్కు ప్రశ్నగా చెప్పి వదిలేయకుండా, ప్రతి ఏప్రిల్‌లో ఒక కాపీ రాయించి చూపించాలి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధించే భారతీయ న్యాయసంహిత 72వ సెక్షన్, పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా అంతే. ఊరి పేరు రాయకుండా, తండ్రి వృత్తి రాయకుండా, బడి పేరు రాయకుండా ఆ వార్తను నిలబెట్టాలంటే చెయ్యి తిరగాలి. సెక్షన్ బట్టీ పట్టినంత మాత్రాన ఆ చెయ్యి రాదు.

అంకెల సంగతి ఇంకోటి. 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బహానగా బజార్ స్టేషన్లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి వెళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. పట్టాలు తప్పిన బోగీలకు అటుగా వస్తున్న యశ్వంత్‌పూర్–హావ్‌డా రైలు తగిలింది. షాలిమార్‌లో బయలుదేరి విశాఖ, రాజమండ్రి, విజయవాడల మీదుగా చెన్నై చేరే బండి కోరమాండల్. కాబట్టి ఆ రాత్రి మన స్టేషన్లలోనూ హెల్ప్‌డెస్కుల ముందు జనం నిలబడ్డారు. మరునాడు మృతుల సంఖ్య 288 అన్నారు. ఆ తరవాత రోజు ఒడిశా ప్రభుత్వం 275 అంది, కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కపెట్టారని చెప్పింది. మరో రెండు రోజులకు లెక్క తిరిగి 288కి వచ్చింది. విద్యార్థికి ఇంతకు మించిన పాఠం దొరకదు. ఆ మూడు లెక్కలకూ మూడు కాపీలు రాయించాలి, ప్రతిదాంట్లో అంకె పక్కన ‘ఎవరు చెప్పారు, ఏ పూట చెప్పారు’ అన్నది ఉండాలి. సంఖ్య తగ్గినప్పుడు ‘దాచిపెడుతున్నారు’ అని అరవడం అందరికీ వచ్చు. ఒక మృతదేహం స్థానిక ఆస్పత్రిలో ఒకసారి, భువనేశ్వర్ చేరాక మరోసారి లెక్కలోకి రావచ్చన్న ఊహ, ఎప్పుడైనా మార్చురీ రిజిస్టరు చూసినవాడికే తడుతుంది.

అదే ప్రమాదంలో ఇంకో సంగతి కూడా జరిగింది. పట్టాల పక్కన ఉన్న ఓ తెల్లటి కట్టడం ఫొటోను మసీదు అంటూ తిప్పారు. మతం రంగు పూశారు. తీరా అది ఇస్కాన్ వాళ్ల గుడి. ఇలాంటి ప్రచారం చేస్తే చర్యలు తప్పవని ఒడిశా పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. సిగ్నలింగ్ పనుల్లో జరిగిన పొరపాట్లే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలేసరికి ఆ ఫొటో ఎన్ని వేల ఫోన్లు తిరిగిందో! ఫొటోను పెద్దది చేసి చూడటానికి రెండు వేళ్లు చాలు. బహానగాలో ఉన్నవాళ్లకు ఒక్క ఫోను చేస్తే సరిపోయేది.

ఇలాంటి శిక్షణ మనసును మొద్దుబారుస్తుందని కొందరు విద్యార్థులు మొరపెట్టుకుంటుంటారు. ‘బాధ కలిగినా బాధ అని రాయకూడదంటే ఎలా సార్’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సురవరం ప్రతాపరెడ్డి చేసిన పని మంచి జవాబు. ఆయన 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఓ పండితుడు తేల్చేశాడు. అది చదివి ప్రతాపరెడ్డికి ఎంత ఒళ్లు మండిందో ఊహించుకోవచ్చు. ఆ మంటతో ఒక ఘాటైన సంపాదకీయం రాసి ఊరుకున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు, చదివినవాళ్లు శభాష్ అనేవారు కూడా. ఆయన కవుల వివరాలు, పద్యాలు సేకరించే పనిలో పడ్డారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడింది. ఆ లెక్క చూశాక తెలంగాణలో కవులు లేరనడానికి ఎవరికి నోరొస్తుంది? కోపం ఎక్కడికీ పోలేదు, ఆ సంచికలోనే ఉంది. కాకపోతే పేజీలకు పేజీలు పేర్లుగా, ఊళ్లుగా, పద్యాలుగా మారి ఉంది. స్పందించొద్దని చెప్పే గురువు కంటే, ఆ స్పందనను పట్టుకుని పేర్లూ ఊళ్లూ సేకరించడానికి బయలుదేరమని చెప్పే గురువు దొరికితే పిల్లల అదృష్టం.

అలాంటి గురువులు ఇప్పుడు ఎంతమంది ఉన్నారన్నది వేరే ప్రశ్న. చాలా చోట్ల ఖాళీలు నింపకుండా పార్ట్‌టైము వాళ్లతో కోర్సులు లాగిస్తున్నారు. థంబ్‌నెయిల్ ఎలా పెట్టాలో, హెడ్డింగ్‌లో ‘షాకింగ్’ ఎక్కడ వేయాలో నేర్పే వర్క్‌షాపులకు మాత్రం కొదవ లేదు. చదువు పూర్తయ్యాక సగం మంది పీఆర్ కంపెనీల్లోకో, పోటీ పరీక్షల్లోకో పోతున్నారని మాస్టార్లు నిట్టూరుస్తుంటారు. జీతాలు చూస్తే వాళ్లను తప్పుపట్టే మొహం మనకు లేదు. ఇప్పుడు కొత్తగా ఇంకో బెడద. ప్రెస్‌నోట్‌ను ఏఐకి ఇస్తే క్షణంలో ఇంట్రో రాసిస్తోంది. పడికట్టు మాటలు దానికి మనకంటే బాగా వచ్చు. లారీ వెనక లైట్లు వెలిగాయో లేదో అడగడానికి అది రోడ్డు మీదికి వెళ్లదు, అంతే తేడా.

ఒక్క చోట మాత్రం సిలబస్ మార్చాలనిపిస్తుంది. తరగతిలో రాయించేవన్నీ మొదటి రోజు వార్తలే. ప్రమాదం జరిగిన రోజు, ఫలితాలు వచ్చిన రోజు, తీర్పు వెలువడిన రోజు. ఫాలోఅప్‌కు మార్కుల్లేవు. బహానగాలో చనిపోయినవాళ్లలో 28 మంది ఎవరో తేలలేదు. నాలుగు నెలలు ఎదురుచూసి, 2023 అక్టోబరులో భువనేశ్వర్‌లో నగరపాలక సంస్థే ఆ మృతదేహాలకు దహనసంస్కారాలు జరిపించింది. జూన్ 3న ఆ ప్రమాదం మీద కాపీ రాసిన విద్యార్థుల్లో అక్టోబరు దాకా ఆ వార్తను వెంటాడినవాళ్లు ఎంతమంది ఉంటారు? సెమిస్టర్ పరీక్షలో ఇరవై మార్కులు దీనికి కేటాయించవచ్చు. జూన్‌లో రాసిన లారీ వార్తలో కేసు ఏమైంది, చార్జిషీటు పడిందా, ఆ రెండు కుటుంబాలకు బీమా డబ్బు అందిందా, బైకు వాయిదాలు ఇప్పుడెవరు కడుతున్నారు అన్నవి నవంబరులో కనుక్కొచ్చి రాస్తేనే ఆ మార్కులు. స్టేషన్ రైటర్ విసుక్కుంటాడు, కోర్టు గుమాస్తా రేపు రమ్మంటాడు, ఊళ్లోవాళ్లు ‘ఇప్పుడెందుకమ్మా అదంతా’ అంటారు. వెళ్లే ముందు ఫోన్ చేసి, వాళ్ల పనివేళలు కనుక్కుని వెళ్తే కొంత నయం.