ఆట ఊరి నడుమే ఉండాలి

ఆత్మకూరు పట్టణ ప్రజలకు, బజారు వ్యాపారులకు, పంతుళ్లకు, ఆటగాళ్లకు, పురపాలక సంఘం పెద్దలకు విన్నపం.

మన ఊరు 2018 ఆగస్టులో పురపాలిక అయింది. అమరచింత, కొత్తకోట, పెబ్బేరు కూడా అప్పుడే అయ్యాయి. పట్టణం అన్న పేరు వచ్చాక పనులు వస్తాయి, పనులకు తావులు వెతుకుతారు. వెతికేవాళ్ల చూపు మొదట పోయేది ఊరి బయటి సర్కారు భూమి మీదికే. అక్కడ ఎవరితోనూ మాట పడే పని లేదు, సర్వే నంబరు చూసి ముగ్గు పోస్తే సరిపోతుంది. ఇట్లా ఒకసారి మార్కెట్టు, ఒకసారి ఆఫీసు, ఇంకోసారి మైదానం, ఒక్కొక్కటే పొలిమేర దాటిపోతే నడిబజారులో మిగిలేది దించిన షట్టర్లే.

మేము అడిగేది ఒక్కటి. ఆత్మకూరులో కొత్త ఆటస్థలం చేసినా, ఉన్నదాన్ని బాగుచేసినా అది బస్టాండు నుంచి నడిచి చేరేంత దూరంలో ఉండాలి. దానికి పురపాలక సంఘం తీర్మానం చేయాలి.

ఆటకూ బజారుకూ ఏం సంబంధమని అడిగేవాళ్లు ఒకసారి హైదరాబాదు సంగతి చూడండి. బషీర్‌బాగ్‌లోని ఫతే మైదానం, అంటే ఇప్పటి లాల్‌బహదూర్ స్టేడియం, నగరం నడిబొడ్డున ఉంది. 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో టెస్టు ఆడింది అక్కడే. 1999 నవంబరు 8న అదే న్యూజిలాండ్ మీద సచిన్ 186, ద్రావిడ్ 153 కొట్టి 331 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పిందీ అక్కడే. పాలమూరు బస్సు దిగి సిటీ బస్సులో స్టేడియం చేరి, ఆట వదిలాక అబిడ్స్ దాకా నడిచి, చాయ్ తాగి, ఇంట్లోవాళ్లకు బట్టలు కొని తిరుగు బస్సు ఎక్కడం సాధ్యమయ్యేది. 2005 నవంబరులో దక్షిణాఫ్రికాతో మ్యాచ్ మొదలుకొని పెద్ద క్రికెట్టంతా ఉప్పల్‌కు పోయింది. అక్కడికి మెట్రో రైలు పోయింది 2017 నవంబరులో. ఆ పన్నెండేళ్లూ ఆట చూడాలంటే రోడ్డు మీద నలిగి పోవాల్సిందే, వదిలాక మళ్లీ నలిగి రావాల్సిందే. మధ్యలో ఆగి అంగడిలో పైసా ఖర్చు పెట్టే తీరిక ఎవరికి?

అబిడ్స్ పాత వెలుగు తగ్గిందంటే దానికి మాల్స్ ఉన్నాయి, ట్రాఫిక్ ఉంది, హైటెక్ సిటీ వైపు పోయిన ఉద్యోగాలున్నాయి. క్రికెట్ పోవడం ఒక్కటే కారణమని మేమనం. కోటి మంది ఉన్న నగరం అన్ని దెబ్బలకు తట్టుకుంటుంది. ఒకే బజారున్న మన ఊరికి ఒక్క దెబ్బ చాలు.

ఇదే తగువు అమెరికాలో ఇంకోరకంగా తెగింది. నార్త్ కరోలినా రాష్ట్రంలో మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్న కేరీ, మోరిస్‌విల్ పక్కనే డర్హమ్ అనే పట్టణం ఉంది. దానికి డర్హమ్ బుల్స్ అని ఒక బేస్‌బాల్ జట్టు. పెద్ద లీగుది కాదు, దాని కింది చిన్న లీగులది. కొత్త స్టేడియానికి అప్పు తేవడం ఇష్టం లేక 1990లో ఓటర్లు కాదన్నారు. జట్టు యజమాని విమానాశ్రయం వైపు, శివార్లలో జాగా చూసుకున్నాడు. నగర పాలకులు ఉలిక్కిపడి వేరే దారిలో డబ్బు తెచ్చి, 1995 నాటికి పాత బజారు అంచున స్టేడియం కట్టి జట్టును ఆపుకున్నారు. పక్కనే 1987లో మూతపడ్డ పెద్ద పొగాకు కర్మాగారం ఉండేది. ఆ యజమాని కంపెనీయే దాన్ని బాగుచేసి 2004లో ఆఫీసులకు, హోటళ్లకు తెరిచింది. పనివేళ దాటితే ఖాళీగా ఉండే పట్టణం నడుమకు సాయంత్రం పూట మనుషులు తిరిగి వచ్చారు. ఓటర్లు వద్దన్నదాన్ని చుట్టుదారిలో చేయడం మాత్రం మాకు నచ్చలేదు. ప్రజల డబ్బుతో కట్టే స్టేడియాలు పెట్టిన ఖర్చు తిరిగి తేవని అక్కడి ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది చెప్పే మాటనూ కొట్టిపారేయలేం.

అందుకే మేము స్టేడియం అడగడం లేదు. గ్యాలరీ వద్దు, శిలాఫలకం అసలే వద్దు. చదునైన నేల, నాలుగు దీపాలు, తాగునీళ్లు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి, సాయంత్రం తెరిచి ఉండే గేటు కావాలి.

జట్టును నమ్ముకోవద్దని కూడా చెబుతున్నాం. పుణె ఫుట్‌బాల్ క్లబ్బు మూతపడ్డాక 2019లో ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. గచ్చిబౌలిలో ఆడింది, 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. 2025లో యజమానులు దాన్ని ఢిల్లీకి మార్చేశారు. చొక్కాలు కొనుక్కున్న కుర్రాళ్లు ఇక్కడే ఉండిపోయారు. కంపెనీ జట్టుకు ఊరితో పని ఉన్నన్నాళ్లే పని. మైదానం ఊరి పేరున రాసి ఉంటే దాన్ని మూటగట్టుకుని ఎవరూ పోలేరు.

ఇక మన దగ్గరి సంగతి. 2022లో ప్రభుత్వం ఊరూరా, వార్డువార్డునా క్రీడా ప్రాంగణాలు పెట్టమంది. ఆలోచన మంచిదే. కానీ రాష్ట్రంలో చాలాచోట్ల గుట్ట పక్కనో, శ్మశానం దారిలోనో, వాగు ఒడ్డునో దొరికిన తావులో రెండు ఇనుప కమ్మీలు పాతి, బోర్డు పెట్టి, ఫొటో తీసుకుని వచ్చేశారు. ఏడాది తిరిగేసరికి సర్కారు తుమ్మ మొలిచింది. దానికి పిల్లల బద్ధకం కారణం కాదు. బడి నాలుగున్నరకు వదులుతుంది, చలికాలంలో ఆరుకు చీకటి పడుతుంది. ఆ గంటన్నరలో ఊరి బయటికి పోయి, ఆడి, ఇల్లు చేరడం మోటారు సైకిలున్న యువకుడికి కుదురుతుంది. ఎనిమిదో తరగతి పిల్లకు కుదరదు. కుదిరినా పంపే తల్లి ఉండదు. వాకిట్లో ముగ్గేసే అవ్వకు, కూరగాయల బండి వాడికి, కిరాణా సేటుకు కనిపించే చోట ఆడుతుంటే ఆ తల్లికి బుగులు ఉండదు. ఆడపిల్లల కబడ్డీ, ఖోఖో జట్లు నిలబడేదీ పడిపోయేదీ ఈ ఒక్క లెక్క మీదే. పదిమంది కళ్లకు మించిన కాపలా ఏ పురపాలికా జీతమిచ్చి పెట్టలేదు.

ఊరి నడుమ యువత తిరుగుతుంటే ఏమవుతుందో పక్క ఊళ్లు చెబుతాయి. వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడితో పాటు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కాలేజీ ఉంది. సంస్థానాలు పోయినా ఆ కట్టడాలు పట్టణం మధ్యలో పడావు పడలేదు, విద్యార్థులు వాటిని బతికించారు. మనదీ సంస్థానం ఊరే, అమరచింత సంస్థానానికి ఆత్మకూరే కేంద్రం. కొత్త కలెక్టరేట్లు మాత్రం, వనపర్తిలో 2022లోనూ, నాగర్‌కర్నూలు, గద్వాలల్లో 2023లోనూ తెరిచినవి, పట్టణాలకు ఎడంగా వెలిశాయి. జిల్లా ఆఫీసులకు విశాలమైన జాగా కావాలన్నది ఒప్పుకుంటాం. కబడ్డీకి పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు చాలు, వాలీబాల్‌కు పద్దెనిమిది, తొమ్మిది. వీటికోసం ఊరు దాటాల్సిన అవసరం ఏమొచ్చింది?

వచ్చేపోయే జనానికి కొదవ లేదు. వరద రోజుల్లో జూరాల గేట్లు ఎత్తారని తెలిస్తే కొత్తకోట మీదుగా కార్లు బారులు తీరతాయి. గేట్లు చూసి, చేపలు తిని వెనక్కి పోతారు. మన బజారులో ఆగడానికి వాళ్లకు ఒక్క కారణం మనం చూపించలేదు. కురుమూర్తి జాతరకు స్వామి ఆభరణాలు మన ఊరి బ్యాంకు నుంచే ఊరేగింపుగా బయలుదేరతాయి. ఆ వారంలో పాలమూరు ఊళ్ల జట్లను పిలిచి, నడిబజారు పక్కన రాత్రి దీపాల కింద కబడ్డీ పెడితే హోటలుకు, పండ్ల బండికి, సైకిలు షాపుకు వ్యాపారం చేకూరదా? ఏడాదికి ఒక్క పండుగతో బజారు బాగుపడదు. రోజూ సాయంత్రం వచ్చే వందమంది పిల్లలు, వాళ్లకోసం వచ్చే పెద్దలు దాన్ని నిలబెడతారు.

జాగా లేదంటారు. బడి మైదానాలున్నాయి. బడి వేళల్లో బడికి, సాయంత్రం ఊరికి అని ఒప్పందం చేసుకోవచ్చు. గేటు తెరిస్తే సీసాలు పగలగొడతారని ప్రధానోపాధ్యాయులు భయపడతారు, ఆ భయం నిజమైనదే. కాబట్టి కాపలా మనిషి జీతం పురపాలిక భరించాలి. సభలకు, ఎగ్జిబిషన్లకు ఇచ్చినప్పుడు ముందే డిపాజిట్ కట్టించుకుని, గుంజలు పాతిన గుంతలు పూడ్చాకే తిరిగి ఇవ్వాలి. పచ్చదనానికి బడ్జెట్‌లో పదో వంతు పెట్టమని 2019 పురపాలక చట్టం చెబుతోంది. ఆ మొక్కలు మైదానం చుట్టూ నాటితే ఆటగాళ్లకు నీడ, ఊరికి చెట్లు. ప్రహరీకి ఆనుకుని పది చిన్న దుకాణాలు వేసి, వాటి కిరాయి మైదానానికే ఖర్చు పెట్టాలి. ఆ లెక్క ఆర్నెల్లకోసారి గేటు మీద అంటించాలి. ఊరి బయటికి ఏ కార్యాలయం తరలించాలన్నా, ఖాళీ అయ్యే కట్టడాన్ని ఏం చేస్తారో ముందు రాసివ్వాలి.

వ్యాపారులూ, ఇది మీ గల్లాపెట్టె సంగతి. తల్లిదండ్రులూ, ఇది మీ బిడ్డ సాయంత్రం సంగతి. ఈ కరపత్రం వెనక వైపు ఖాళీగా ఉంచాం. మీ వార్డులో ఆటకు పనికొచ్చే తావు ఏదో దాని మీద రాసి, సంతకం పెట్టి, పురపాలిక ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే సోమవారం ప్రజావాణికి వనపర్తి పోదాం. బస్సు ఛార్జీలు చందా వేసుకుందాం, మీరూ రండి.

ఇట్లు,
ఆత్మకూరు పౌరులు కొందరు