ఎఫ్-35: విమానం గాల్లో ఎగిరింది.. సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగింది! నాలుగేళ్ల ఆలస్యం చెబుతున్న పాఠమేంటి?

అమెరికా ఎఫ్-35.. పెంటగాన్ ఆయుధ ప్రాజెక్టుల్లో అత్యంత ఖరీదైనది. దీని పూర్తిస్థాయి ఉత్పత్తికి 2019 చివర్లోనే పచ్చజెండా ఊపాలనుకున్నారు. కానీ ఆ నిర్ణయం వెలువడింది 2024 మార్చిలో. ఇంత ఆలస్యానికి ప్రధాన కారణం ఇంజినో, రెక్కలో కాదు.. ఓ సిమ్యులేటర్!

సిమ్యులేటర్ ఎందుకు?

శత్రువుల ఆధునిక రాడార్లు, క్షిపణులు, ఫైటర్ జెట్లను భారీ సంఖ్యలో ఒకేచోట మోహరించి విమానాన్ని పరీక్షించడం కుదరని పని. అందుకే అసలైన యుద్ధ పరీక్షల్లో కొన్నింటిని జాయింట్ సిమ్యులేషన్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే జేఎస్ఈలో పెట్టారు. ఇది మేరీలాండ్‌లోని పాటక్సెంట్ రివర్ నౌకాదళ స్థావరంలో ఉంది.

ఎక్కడ తేడా కొట్టింది?

మొదట ఈ పని విమానం తయారుచేసే లాక్‌హీడ్ మార్టిన్ చేతిలో ఉండేది. 2015లో దాన్ని పక్కనపెట్టి, బాధ్యతను నౌకాదళానికి అప్పగించారు. విమానం మోడల్ కంపెనీది, యుద్ధ వాతావరణం ప్రభుత్వానిది. ఈ రెండింటినీ కలపడమే పెద్ద తలనొప్పిగా మారింది. పోనీ కలిపితే అయిపోతుందా? కాదు. స్క్రీన్ మీద కనిపించేది నిజమైన విమానం ప్రవర్తనతో సరిపోతోందా అని ఫ్లైట్ టెస్ట్ డేటాతో పోల్చి చూడాలి. అసలు టైమంతా తినేసేది ఇదే. కోడ్ రాయడం ఒకెత్తు, అది నమ్మదగినదని నిరూపించడం మరో ఎత్తు.

చివరకు 2023 సెప్టెంబర్‌లో 64 సిమ్యులేషన్ పరీక్షలు ముగిశాయి. అయితే అప్పటికే వందల కొద్దీ విమానాలు తయారైపోయాయి. అంటే పరీక్ష రాయకముందే పాస్ సర్టిఫికెట్లు పంచేసినట్లే! ఆ తర్వాత లోపం బయటపడితే, ఇప్పటికే ఇచ్చేసిన విమానాలన్నింటికీ రిపేర్ చేయాలి. ఆ బిల్లు కట్టేది పన్ను చెల్లించే జనమే.

మనకేంటి సంబంధం?

సిమ్యులేటర్ల వాడకం పెంచేందుకు మన రక్షణ శాఖ 2021 సెప్టెంబర్‌లో ఓ ఫ్రేమ్‌వర్క్ విడుదల చేసింది. హైదరాబాద్‌కు చెందిన జెన్ టెక్నాలజీస్ సైనిక శిక్షణ సిమ్యులేటర్లు తయారుచేస్తోంది. ఎఫ్-35 అనుభవం చెప్పేది ఒక్కటే.. సిమ్యులేటర్ అంటే చివర్లో తగిలించే సామాను కాదు. బాధ్యత ఎవరిది, డేటా ఎవరిస్తారు, సరిచూసేది ఎవరు.. ఈ మూడూ మొదటి రోజే తేలాలి. లేదంటే విమానం రెడీగా ఉన్నా, నమ్మకం రన్‌వే మీదే ఆగిపోతుంది.