నవాబు సామాను - మా సామాను

సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చినవాళ్లు మాతో తరచూ అనే మాట ఒకటుంది. "మీవాళ్లు ఎంత వైభోగంగా బతికారండీ!" అని. ఎవరు మావాళ్లు? మా తాతలు దూది ఏకారు. టాంగాలు తోలారు. మా నానీమాలు బీడీలు చుట్టారు, లక్క గాజులు చేశారు. రాళ్లు పొదిగిన బాకు మా ఇళ్లలో ఎవరి నడుముకూ వేలాడలేదు. అయినా ఆ బాకు మా ఖాతాలోనే జమవుతుంది. ఊళ్లో గొడవలొచ్చినప్పుడు ఆ ఖాతా తీసి మాకే చూపిస్తారు.

1949లో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోయారు. 1951లో ఆయన దివాన్ దేవిడీలోనే నెహ్రూ చేత మ్యూజియం తెరిపించారు. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అంది. 1968లో సామానంతా మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి చేరింది. చూపించే తీరు మాత్రం దేవిడీలోనే ఉండిపోయింది. దొరగారు కొన్నారు, మీరు చూడండి, ముట్టకండి, నడవండి. ముట్టొద్దనడం సబబే, వస్తువు పాడవుతుంది. అడగొద్దన్నట్టు ఎందుకుంటుంది?

బిద్రీ హుక్కానే తీసుకోండి. జింకులో కాస్త రాగి కలిపి పోత పోస్తారు. ఉలితో లతలు చెక్కి, ఆ గాళ్లలో వెండి దిగ్గొడతారు. బీదరు కోట మట్టి పట్టించి నలుపెక్కిస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి నల్లబడదు. ఈ పని చేసేవాళ్లు బీదరులో ఇప్పటికీ ఉన్నారు. హుక్కా కొన్నవారి పేరు భవనానికే పెట్టుకున్నాం. ఉలి పట్టినవాడి పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ ఉస్తాదును పిలిచి, కూలి ఇచ్చి, వారానికో పూట ఆ హుక్కా పక్కనే పని చేయిస్తూ మాట్లాడిస్తే మా పిల్లలు ఆగి చూడరా?

టికెట్ల లెక్క చూసి జనం బాగా వస్తున్నారంటారు. వస్తారు. దేని ముందు నిలబడ్డారు, ఏది అర్థంకాక దాటిపోయారు అని టికెట్టు చెప్పదు కదా! బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా ముందు జనం నోరెళ్లబెడతారు. పాలరాతిని అంత పల్చగా ఎలా చెక్కాడని. అదే విగ్రహాన్ని పక్కనే బురఖాలో నిలబడి చూస్తున్న మా అక్కచెల్లెళ్లను మాత్రం ఇంకో కంటితో చూస్తారు. ఆ ముసుగు కళ, ఈ ముసుగు వెనకబాటు! ఆ రెండు ముసుగుల గురించి ఒక్క మాట ఎత్తడానికి అంతకన్నా మంచి చోటు ఈ నగరంలో ఉందా?

జనం నిజంగా ఆగే చోటు సంగీత గడియారం. గంట కొట్టే వేళకు పల్లెల నుంచి వచ్చినవాళ్లు, పాతబస్తీవాళ్లు, బడిపిల్లలు అందరూ మెడలు సాచి కూచుంటారు. ఓ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. గడ్డపు కమ్మరి బొమ్మ మాత్రం సెకను సెకనుకూ సుత్తి వేస్తూనే ఉంటుంది, దానికి సెలవు లేదు. అంత పెద్ద నవాబు కొలువులో మా జనం అంత ఇష్టంగా చూసేది పనిచేసే మనిషిని. ఇది చూసైనా కొత్త గదికి ఆలోచన పుట్టొద్దా?

దూదేకుల ఇళ్లలో అటకల మీద విల్లులింకా ఉన్నాయి. జరీ పనిచేసిన చట్రాలున్నాయి, బీడీల చాటలున్నాయి. అడిగితే తెచ్చిస్తాం. ఒక్క షరతు. విల్లు కింద పెట్టే చీటీ మేమే రాస్తాం, తెలుగులోనూ ఉర్దూలోనూ.