రైలు ఆపితే ముందు పోయేది పట్టా కాదు

మా అత్తిలి నుంచి కోటిపల్లి వెళ్లడానికి రెండు దారులున్నాయి. తణుకు, రావులపాలెం మీదుగా బస్సెక్కడం అందరూ చేసే పని. నాకిష్టమైన దారి వేరు. అత్తిలిలో రైలెక్కి భీమవరం, పాలకొల్లు దాటి నర్సాపురంలో దిగాలి. పంటు అనే పెద్ద పడవ మీద గోదావరి వశిష్ఠ పాయ దాటితే సఖినేటిపల్లి. అక్కణ్ణించి బస్సుల్లో రాజోలు, అమలాపురం మీదుగా ముక్తేశ్వరం రేవుకు చేరి, మళ్లీ పంటెక్కి గౌతమి పాయ దాటితే అవతలి గట్టే కోటిపల్లి. మోటారు సైకిళ్లు, అరటిగెలలు, చంకలో పిల్లలు, పక్కన నీళ్ల వాసన. పూట పడుతుంది, పడనివ్వండి. కోనసీమను ఇంత దగ్గరగా చూపించే దారి ఇంకోటి లేదు.

కొన్నాళ్ల కిందటి వరకూ ఈ దారి కోటిపల్లితో ఆగేది కాదు. సోమేశ్వరస్వామి దర్శనం చేసుకుని స్టేషన్‌కు నడిస్తే రైలుబస్సు ఉండేది. పేరు రైలేగానీ బస్సంత బండి. ద్రాక్షారామం, రామచంద్రపురం, వెలంగి, కరప మీదుగా వరిచేల మధ్యనుంచి తాపీగా కాకినాడ తీసుకెళ్లేది. మొత్తం 45 కిలోమీటర్లు. ఎక్కితే గోదావరి పాయ, దిగితే సముద్రం. కరోనా వచ్చి దేశంలో రైళ్లన్నీ ఆగినప్పుడు ఇదీ ఆగింది. మిగతావి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. దీని వంతు రాలేదు.

ఎందుకని అడిగితే వినిపించే మాటలు తెలిసినవే. జనం ఎక్కరు, ఆదాయం లేదు, పట్టా బాగాలేదు. మొదటి రెండింటి సంగతి తర్వాత చూద్దాం. మూడో మాట దగ్గర నాకు అభ్యంతరముంది, ఎందుకంటే నేను ఉద్యోగమంతా పట్టాల మీదే చేసి రిటైరైనవాణ్ణి. పట్టా బాగాలేక రైలు ఆగడం నేను చూశాను. రైలు ఆగినందువల్ల పట్టా పాడవడం అంతకన్నా ఎక్కువసార్లు చూశాను.

రైలు ఆపగానే ముందు పోయేది పట్టా కాదు, దాన్ని బాగుచేసే గ్యాంగు. బండి లేని లైను మీద ఇంతమంది ఎందుకని వాళ్లను మెయిన్ లైనుకు పంపేస్తారు. అక్కడ పనికి కొరత లేదు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. ఆ తర్వాత పోయేది కీమన్ నడక. తెల్లారకముందే భుజాన సంచీ, అందులో స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా, చేతిలో సుత్తి పట్టుకుని తన బీటు పొడవునా నడిచే మనిషి కీమన్. స్లీపరుకు పట్టాను పట్టి ఉంచే ఇనుప క్లిప్పు మీద సుత్తితో ఒక దెబ్బ వేస్తాడు. బిగిసి ఉంటే కంగుమంటుంది. వదులైతే మోత చచ్చుగా వస్తుంది. ఆ తేడా పుస్తకంలో నేర్చుకునేది కాదు. క్లిప్పు ఊడిందా, కింద రబ్బరు ప్యాడ్ జరిగిందా, నిన్న రాత్రి వానకు గట్టు అంచు జారిందా, తూము నోటికి గుర్రపుడెక్క అడ్డం పడిందా, అన్నీ అతను నడిస్తేనే తెలుస్తాయి. ఆ నడక ఆగిన ఏడాదికి కంకరలోకి మట్టి చేరుతుంది, మట్టిలో తుంగ మొలుస్తుంది, తుంగ వేళ్లు నీటిని పట్టి ఉంచుతాయి. రెండో ఏడాదికి తుమ్మ మొక్కలు. ఈలోగా ఇనుప సామాన్ల వాళ్లు క్లిప్పులు పీక్కుపోవడం మొదలెడతారు. అప్పుడొచ్చి చూసి 'పట్టా బాగాలేదు, రైలు నడపలేం' అని రాసే రిపోర్టులో ప్రతి అక్షరమూ నిజమే!

మన డెల్టా నేల సంగతి కూడా చెప్పాలి. నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద పోసిన రైలుకట్ట ఏడాది పొడవునా కాస్త కాస్త కదులుతూనే ఉంటుంది. కొల్లేరు పక్కన కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులు కట్టను ఒరుసుకుని వచ్చిన చోట్ల ఈ బాధ ఇంకా ఎక్కువ. అయినా ఆ లైను మీద రోజూ ఎక్స్‌ప్రెస్‌లు పోతున్నాయి. ఎలా? కుంగిన చోట గ్యాంగు దిగి స్లీపర్ల కింద కంకర కూరి మట్టం సరిచేస్తుంది. అది పూర్తయ్యేదాకా డ్రైవరు చేతికి కాషన్ ఆర్డరు ఇస్తారు. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా ఇరవైకి మించొద్దు అని అందులో ఉంటుంది. డ్రైవరు సంతకం పెట్టి తీసుకుంటాడు, పసుపు బోర్డు చూసి వేగం తగ్గిస్తాడు, చోటు దాటాక మళ్లీ అందుకుంటాడు. దెబ్బతిన్న పట్టా మీద రైలు నడపడం సాహసం కాదు, రైల్వేకు రోజువారీ పని. మెయిన్ లైనులో ఒకచోట కట్ట కుంగితే లైనంతా మూసెయ్యరు కదా, కోటిపల్లికి మాత్రం వేరే న్యాయం ఎందుకు? పైగా అక్కడ నడిచేది గూడ్సు కాదు. గూడ్సు ఇంజనొక్కటే 120 టన్నుల పైమాట. రైలుబస్సు బరువు అందులో చిన్న వంతు.

నడపకూడని చోట్లు లేవని కాదు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర ఏం జరిగిందో మా శాఖలో ఎవరూ మరిచిపోరు. చెరువు తెగి వరద కట్టను కోసుకుపోయింది, డెల్టా ప్యాసింజరు అందులో పడింది. వందమందికి పైగా పోయారు. కింద నేల లేని పట్టాకు కాషన్ ఆర్డరు లేదు. కట్ట తెగినా, వంతెన పునాది పక్కన మట్టి కొట్టుకుపోయినా రైలు ఆగాల్సిందే, ఎవరేం అనుకున్నా సరే. కానీ తుప్పు, తుంగ, వదులు క్లిప్పు, కుంగిన కట్ట, ఇవన్నీ ఆ కోవలోకి రావు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి 'భద్రత' అనే మాటతో సరిపెట్టేస్తే అడిగేవాడి నోరు మూతపడుతుందంతే.

పాడైన ముక్కను వదిలి బాగున్న ముక్క మీద బండి నడపడం మన రైల్వేకు కొత్తేమీ కాదు. మహారాష్ట్రలో నేరల్ నుంచి మాథేరాన్ కొండ మీదికి 1907 నాటి చిన్న రైలుంది, సుమారు 21 కిలోమీటర్లు. 2019 వానలకు ఆ లైను చాలాచోట్ల కొట్టుకుపోయింది. మొత్తం బాగుపడి నేరల్ నుంచి రైలు నడిచేసరికి 2022 అక్టోబరు వచ్చింది. కానీ అంతకాలం చేతులు ముడుచుక్కూర్చోలేదు. పైన అమన్ లాడ్జ్ నుంచి మాథేరాన్ దాకా ఉన్న మూడు కిలోమీటర్ల లోపు ముక్క బాగుందని 2019 డిసెంబరులోనే దాని మీద షటిల్ మొదలెట్టారు. కార్లు ఎలాగూ అమన్ లాడ్జ్ పక్కదాకానే వెళ్తాయి, అక్కణ్ణించి జనం రైలెక్కారు. వానాకాలంలో కింది లైను మూసినా పై ముక్క నడుస్తూనే ఉంటుంది. మనకూ అదే సూత్రం. బండి నిలిపేది, బాగు చేసేది కాకినాడలో కాబట్టి అక్కణ్ణించి పట్టా ఎంతవరకు బాగుంటే అంతవరకు. రామచంద్రపురం దాకానా, ద్రాక్షారామం దాకానా అన్నది తనిఖీ చేసి తేల్చాల్సిన మాట.

దెబ్బతిన్న రైలును బాగుచేసి నడపడం బయటిదేశాల్లోనూ ఉంది. ఇంగ్లండులో బ్రైటన్ అనే సముద్రతీరపు ఊళ్లో వోల్క్ అనే ఆయన 1883లో కరెంటు రైలు వేశాడు. ఒడ్డు మీద, అలలకు ఎదురుగా. తుఫాన్లు ఎన్నిసార్లు కొట్టినా ఆ బుల్లి రైలు ఇవాళ్టికీ సీజనులో నడుస్తోంది. అదే మనిషి 1896 నవంబరులో ఇంకో వింత చేశాడు. నీళ్లలో పట్టాలు వేసి, పొడుగు కాళ్ల మీద నడిచే బండి పెట్టాడు. వారం తిరక్కుండానే తుఫానుకు అది పడిపోయింది. మరుసటి జులైకల్లా బాగుచేసి మళ్లీ నడిపాడు. చివరికి దాన్ని చంపింది సముద్రం కాదు. ఒడ్డు కోతకు అడ్డుగోడలు కట్టాలి, నీ పట్టా పక్కకు జరుపుకో అన్నారు ఊరి కౌన్సిలువారు. జరపడానికి ఆయన దగ్గర డబ్బు లేకపోయింది. 1901లో కథ ముగిసింది. ఉప్పాడ రోడ్డును సముద్రం ఏటేటా కొరుక్కుతినడం చూస్తున్న కాకినాడవాళ్లకు ఒడ్డు కోత సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక జనం, ఆదాయం. కార్తీకమాసంలో సోమవారాలు ఆర్టీసీ పంచారామాల బస్సులు ఎలా కిటకిటలాడతాయో మా జిల్లాలో అందరికీ తెలుసు. ఆ అయిదు శివక్షేత్రాల్లో అమరావతి ఒక్కటి పక్కన పెట్టండి. భీమవరం గునుపూడి సోమేశ్వరుడు, పాలకొల్లు క్షీరారామం మా అత్తిలి మీదుగా పోయే నర్సాపురం లైను మీదే ఉన్నాయి. సామర్లకోట మెయిన్ లైను జంక్షను. ద్రాక్షారామం ఈ కోటిపల్లి లైను మీద. అంటే అయిదింటిలో నాలుగు క్షేత్రాలకు పట్టా ఉంది. నాలుగింటినీ కలిపి ఒక టిక్కెట్టూ, ఒక టైం టేబులూ వేద్దామన్న ఆలోచనే లేదు. ఉదయం ఏ వేళకు వెళ్తే ఏ వేళకు తిరిగొస్తామో తెలియని బండి ఎక్కరని జనాన్ని తప్పుపట్టడం ఏం న్యాయం? ఇరవై స్పీడు మీద 45 కిలోమీటర్లంటే రెండు గంటల పైచిలుకు పడుతుంది, బస్సు ముందే చేరిపోతుంది. కాకినాడ కాలేజీలకు రోజూ వెళ్లే పిల్లలకు ఇది పనికిరాదు, నిజమే. కిటికీ పక్కన కూర్చుని వరిచేలు చూస్తూ ద్రాక్షారామం వెళ్లి, భీమేశ్వరుణ్ణి చూసి, సాయంత్రం కాకినాడ బీచిలో బజ్జీలు తిందామనుకునే కుటుంబానికి రెండు గంటలు ఎక్కువేం కాదు. నిదానమే అక్కడ సరుకు.

ఈ లైనుకు చావు కొత్త కాదు. 1928లో వేసిన పట్టాను రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇనుము కోసం తెల్లవాళ్లు పీక్కుపోయారు. తిరిగి రైలు రావడానికి 2004 దాకా పట్టింది. దాని కోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు అప్పటికి లేరు. 2002 మార్చి 3న భీమవరంలో హెలికాప్టరెక్కి, మా కొల్లేరు పక్కనే, కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో కూలిపోయారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురానికి 57 కిలోమీటర్ల కొత్త లైను 2000-01 బడ్జెటులో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కావాలి. గౌతమిలో స్తంభాలు లేచాయి. పావు శతాబ్దం అయింది. ఆ లైను పూర్తయిన రోజున నేను చెప్పిన రెండు పంటుల ప్రయాణం ఒక్క రైల్లో అయిపోతుంది, కోనసీమకు దానికి మించిన పర్యాటక రైలు ఉండదు. కానీ కొత్త లైను వచ్చి కలవాల్సింది ఈ పాత 45 కిలోమీటర్లతోనే కదండీ. అది తుంగలో కూరుకుపోతే కొత్త వంతెన దిగిన రైలు ఎటు పోవాలి?

కాబట్టి కోట్ల ప్యాకేజీలేవీ అడగడం లేదు. ఒక ఇంజనీరును, నలుగురు ట్రాలీమన్లను పంపి కాకినాడ టౌను నుంచి కోటిపల్లి దాకా పుష్ ట్రాలీ మీద చూడమనండి. ఏ కిలోమీటరులో క్లిప్పులు లేవు, ఏ తూము పూడింది, ఎక్కడ కట్ట కుంగింది, ఏ వంతెన మీద అనుమానముంది, ఆ పట్టిక జనానికి కనబడేలా పెట్టండి. బాగున్నంతమేర కార్తీక సోమవారాలకూ, శని ఆదివారాలకూ కాషన్ ఆర్డరు మీద రైలుబస్సు నడపండి. తీసుకెళ్లిన గ్యాంగులో కొందరినైనా వెనక్కి పంపండి, అదీ వేసవిలోనే. తొలకరి పడ్డాక నల్లమట్టిలో గడ్డపార దిగితే పైకి రాదు. కట్ట పక్క కాలువలు అప్పటికే తీసి ఉండాలి.